విజేతకు పై మెట్టు లేని పోటీ

ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌లో రెండో అంచె పోటీ అయిన ఛాంపియన్‌షిప్‌లో 2022-23 సీజన్ విజేతగా నిలిచిన జెర్సీ రెడ్స్ క్లబ్బు, ఆ గెలుపు తర్వాత ఆరు నెలలైనా గడవకముందే, 2023 సెప్టెంబరు 28న, ఇక నడపడానికి డబ్బు లేదంటూ మూతపడింది. దానికి ఐదు రోజుల ముందే ఇంగ్లండ్ జాతీయ జట్టు ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో ప్రపంచకప్ మ్యాచ్‌లో చిలీని 71-0తో చిత్తు చేసింది. ఆ దేశంలో ఆట ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోదలచినవారు చిలీపై గెలుపును పక్కనబెట్టి జెర్సీ పతనాన్ని పరిశీలించాలి. జాతీయ జట్టు బలం గడచిన పదేళ్ల పెంపకానికి ఫలితమైతే, రెండో అంచె పరిస్థితి రాబోయే పదేళ్లకు సూచన.

రగ్బీలో పదిహేను మంది ఆడే యూనియన్, పదమూడు మంది ఆడే లీగ్ అని రెండు వేర్వేరు ఆటలున్నాయి. ఇక్కడి ప్రస్తావన మొదటిదాని గురించి. ఇంగ్లండ్‌లో దాని పాలన రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ అనే సంఘం చేతిలో ఉంది. 2022-23లో పైన ప్రీమియర్‌షిప్, దాని కింద ఛాంపియన్‌షిప్, ఆ కింద నేషనల్ లీగులు, ఇంకా దిగువన ప్రాంతీయ, కౌంటీ స్థాయి పోటీలు అంచెలంచెలుగా ఉండేవి. ఒక అంచెలో మొదటి స్థానం సాధించిన జట్టు పైకి ఎక్కడం, అట్టడుగున మిగిలిన జట్టు కిందికి దిగడం ఈ నిర్మాణానికి ప్రాణం. ఐపీఎల్‌కు అలవాటుపడిన కళ్లకు ఈ పద్ధతి కొత్తగా తోచవచ్చు గాని, రంజీ ట్రోఫీలో అదే 2022-23లో ఎలైట్ నుంచి ప్లేట్ విభాగానికి జారిపోయిన హైదరాబాద్, మరుసటి ఏడాది ప్లేట్ ఫైనల్లో మేఘాలయను ఓడించి తిరిగి పైకి రావడం గుర్తున్నవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

2022-23 ఛాంపియన్‌షిప్‌లో పన్నెండు క్లబ్బులు పోటీపడ్డాయి. ప్రతి జట్టూ మిగిలిన పదకొండింటితో సొంత మైదానంలో ఒకసారి, వారి మైదానంలో ఒకసారి ఆడి 22 మ్యాచ్‌లు పూర్తిచేసింది. గెలుపుకు నాలుగు పాయింట్లు, సమానమైతే రెండు; వీటికి తోడు మ్యాచ్‌లో నాలుగు ట్రైలు చేసిన జట్టుకు ఒకటి, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడిన జట్టుకు ఒకటి అదనంగా దక్కుతాయి. ట్రై అంటే ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకించడం; దానికి ఐదు పాయింట్లు. ఈ లెక్క మైదానంలో ఆటను ఎలా మలుస్తుందో గమనించదగినది. చివరి పది నిమిషాల్లో, మూడు ట్రైలతో నిశ్చింతగా ముందున్న జట్టుకు పెనాల్టీ దొరికినప్పుడు, గోల్‌పోస్టుల మధ్యకు తన్ని సులువైన మూడు పాయింట్లు తీసుకునే బదులు, బంతిని ప్రత్యర్థి గీతకు దగ్గరగా పక్కకు తన్ని లైనౌట్‌కు సిద్ధమవుతుంది. లైనౌట్‌లో బయట నుంచి విసిరిన బంతి కోసం ఒక ఆటగాడిని సహచరులు గాలిలోకి ఎత్తుతారు. అతడు దిగగానే ఏడెనిమిది మంది అతడి చుట్టూ బిగుసుకుని, మాల్ అనే ముద్దగా మారి, బురదలో అంగుళం అంగుళం నెట్టుకుంటూ గీత వైపు సాగుతారు. నాలుగో ట్రై కోసం జరిగే ఆ పెనుగులాటలో వచ్చే ఒక్క పాయింటే ఏడాది చివర మొదటి స్థానాన్ని నిర్ణయించగలదు.

ఈ పోటీలోని క్లబ్బులన్నీ ఒక తీరువి కావు. విరల్ ద్వీపకల్పంలోని ఒక గ్రామం పేరు పెట్టుకున్న కాల్డీ ఆ ఏడాదే తొలిసారి ఈ అంచెకు చేరింది. దాని ఆటగాళ్లకు పగలు వేరే ఉద్యోగాలు, సాయంత్రాలు సాధన. పశ్చిమ లండన్‌లోని ఈలింగ్ ట్రెయిల్‌ఫైండర్స్‌కు అదే పేరున్న ప్రయాణ సంస్థ స్థాపకుడు మైక్ గూలీ అండ ఉంది. కార్న్‌వాల్ కొసన పెంజాన్స్‌లో కార్నిష్ పైరేట్స్, విశ్వవిద్యాలయం ఆసరాతో హార్ట్‌ప్యురీ, పాత పరిశ్రమల పట్టణాల నుంచి కోవెంట్రీ, డాన్‌కాస్టర్ వచ్చాయి. అడుగున మిగిలిన రిచ్మండ్ కిందికి వెళ్లింది, దాని చోటికి కేంబ్రిడ్జ్ వచ్చింది. కింది తలుపు నియమం ప్రకారం తెరుచుకుంది. పై తలుపు మాత్రం మూసే ఉంది.

జెర్సీ అనేది మన పాడి రైతులకు బాగా తెలిసిన జెర్సీ ఆవుల పుట్టిల్లు. ఫ్రాన్స్ తీరానికి 22 కిలోమీటర్ల దూరంలో, బ్రిటిష్ రాజరికానికి లోబడి ఉంటూ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాని, సుమారు లక్ష జనాభా గల దీవి. అక్కడి క్లబ్బు దిగువ లీగుల నుంచి వరుసగా ఎక్కుతూ 2012లో ఛాంపియన్‌షిప్‌కు చేరింది. సొంతగడ్డపై కాక మరెక్కడ ఆడాలన్నా సముద్రం దాటవలసిన ఆ జట్టు, శిక్షకుడు హార్వీ బిల్జన్ ఆధ్వర్యంలో, పుష్కలంగా డబ్బున్న ఈలింగ్‌ను వెనక్కు నెట్టి 2023లో మొదటి స్థానం సాధించడం ఆ దశాబ్దపు ఇంగ్లిష్ రగ్బీలో గొప్ప విజయాల్లో ఒకటి. అయినా ఆ జట్టుకు ప్రీమియర్‌షిప్ ప్రవేశం దక్కలేదు.

దీనికి మూలం పై అంచెలో చేరే క్లబ్బుకు ఉండవలసిన కనీస ప్రమాణాల్లో ఉంది. 2021-22లో విజేత ఈలింగ్, రెండో స్థానంలోని డాన్‌కాస్టర్ కూడా స్టేడియంలో 10,001 మందికి చోటు లేదన్న కారణంతో అనర్హమయ్యాయి. తర్వాత ఈ నిబంధనను సడలించి, 5,000తో మొదలుపెట్టి దశలవారీగా పెంచుకునే వీలు కల్పించినా, 2023లోనూ పైకి వెళ్లిన జట్టు లేదు. రెండు అంచెల మధ్య బలంలో అగాధం ఉందన్న వాదనను తేలిగ్గా తీసెయ్యలేము; జీతాల పరిమితి ఉల్లంఘించి కిందికి దిగిన సారసెన్స్ 2021లో ఈలింగ్‌ను రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్‌లో 60-0, 57-15తో మట్టికరిపించింది. అయితే ఆ అగాధం పూడేది పైకి ఎక్కినప్పుడేనని ఎక్సెటర్ చరిత్ర చూపుతోంది. 2010లో బ్రిస్టల్‌ను ఓడించి పైకి చేరిన ఎక్సెటర్ చీఫ్స్ 2017లో ప్రీమియర్‌షిప్ గెలిచింది. 2020 అక్టోబరులో వారం తేడాతో యూరప్ కప్పునూ ప్రీమియర్‌షిప్‌నూ కైవసం చేసుకుంది. ప్రీమియర్‌షిప్ ఫైనల్లో దాని చేతిలో ఓడిన వాస్ప్స్ రెండేళ్లకు అప్పుల్లో కూరుకుపోయి లీగునుంచే మాయమైంది. 2022-23 సీజన్ నడుస్తుండగానే వూస్టర్, వాస్ప్స్, అది ముగిసిన వెంటనే లండన్ ఐరిష్ కుప్పకూలాయి. పదివేల కుర్చీలున్న క్లబ్బుల ఖాతాలు అలా ఉండగా, కింది క్లబ్బును కుర్చీల లెక్కతో ఆపడం న్యాయమనిపించుకోదు.

డబ్బు విషయంలో సంఘం తీసుకున్న నిర్ణయం మరింత దూరం వెళ్లింది. ఆశించిన ఫలితాలు రాలేదన్న కారణంతో ఛాంపియన్‌షిప్ క్లబ్బులకు ఇచ్చే నిధులను దాదాపు సగానికి తగ్గిస్తున్నట్లు 2020 ఫిబ్రవరిలో ప్రకటించారు. వెంటనే కరోనా వచ్చి ద్వారాల దగ్గర టిక్కెట్ల రాబడినీ మింగేసింది. అప్పటి నుంచి ఈ క్లబ్బులు ఒకరిద్దరు దాతల ఉదారతపై నిలిచాయి. పైకి ఎక్కే ఆశ లేని పోటీలో పెట్టుబడి పెట్టేవాడు ఏదో ఒక రోజు చేయి వెనక్కి తీసుకుంటాడు. జెర్సీలో జరిగింది అదే. 2023 సెప్టెంబరులో ప్రీమియర్‌షిప్ రగ్బీ కప్పులో మొదటి అంచె క్లబ్బు బాత్‌ను ఓడించిన ఆ జట్టు, అదే నెలాఖరుకు జీతాలు ఇవ్వలేని స్థితికి చేరింది.

నష్టం ఒక దీవికి పరిమితం కాదు. రగ్బీలో స్క్రమ్ అనే ఘట్టంలో రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది తలలు వంచి ఒకరినొకరు నెడతారు. ముందువరుసలో రెండు కొసల్లో నిలిచి మొత్తం బరువును మెడపై మోసే ఆటగాడిని ప్రాప్ అంటారు. ఈ విద్య వ్యాయామశాలలో పట్టుబడదు. ఎదుటివాడు భుజం ఏ కోణంలో దించుతున్నాడో, ఎప్పుడు లోపలికి తిరుగుతున్నాడో మెడతో తెలుసుకోవడానికి వారం వారం నిజమైన మ్యాచ్‌లు, అందులోనూ తనకంటే ముదురు ప్రత్యర్థులు కావాలి. ప్రీమియర్‌షిప్ క్లబ్బు బెంచీపై కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రవాడికి అవి దొరికేది రెండో అంచెలోనే. ఇంగ్లండ్ తరఫున వంద మ్యాచ్‌లకు పైగా ఆడిన కోర్ట్నీ లాస్, నార్తాంప్టన్ క్లబ్బు 2007-08లో రెండో అంచెకు దిగిన ఏడాదే ఆ జట్టులో అడుగుపెట్టాడు.

జెర్సీ లేకపోవడంతో 2023-24 పోటీ పదకొండు జట్లతోనే నడిచింది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ ఈలింగే గెలిచింది. 2025-26 నుంచి చాంప్ రగ్బీ అనే కొత్త పేరుతో జట్ల సంఖ్యను పద్నాలుగుకు పెంచారు. 2022లో కుప్పకూలిన వూస్టర్‌కు, పునరుద్ధరించిన యాజమాన్యం చేతుల్లో, కింది లీగులు ఆడనవసరం లేకుండా నేరుగా ఈ రెండో అంచెలోనే చోటిచ్చారు. పెద్ద స్టేడియం, పై అంచెలో గడిపిన చరిత్ర ఉన్న క్లబ్బుకు అలాంటి దారి తెరిచిన సంఘం, తన పోటీని గెలిచిన జట్టు కూలిపోతున్న వేళ దాన్ని నిలబెట్టే ఏర్పాటు ఒక్కటీ సిద్ధంగా ఉంచుకోలేదు. జెర్సీ దీవిలోని సెయింట్ పీటర్ మైదానంలో మిగిలిన అమెచ్యూర్ జట్టు, 2012కు ముందు ఎక్కిన మెట్లన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కవలసి ఉంది.