చూస్తూ ఊరుకోవటం నేరమా?

బాలలూ, ఈ నెల మీకొక చిక్కు ప్రశ్న ఇస్తున్నాను. తొందరపడి జవాబు చెప్పకండి. మీ అమ్మానాన్నలతో కూడా మాట్లాడి చూడండి.

జర్మనీలో ఎస్సెన్ అనే నగరం ఉన్నది. 2016 అక్టోబరులో అక్కడి బ్యాంకులో, డబ్బు తీసుకునే యంత్రాలున్న గదిలో, ఎనభై యేళ్ళు దాటిన వృద్ధుడొకడు స్పృహ తప్పి పడిపోయాడు. ఒకరి తరవాత ఒకరుగా నలుగురు వచ్చారు. అందరూ తమ పని చూసుకుని, ఆయనను అలాగే వదిలి వెళ్ళిపోయారు. అయిదోసారి వచ్చినవారు మటుకు ఫోను చేసి సహాయం పిలిచారు. తరవాత ఆ వృద్ధుడు చనిపోయాడు.

2017లో కోర్టు ముగ్గురికి 2,400 నుంచి 3,600 యూరోల దాకా జరిమానా వేసింది. ఇల్లులేనివాడెవడో నిద్రపోతున్నాడనుకున్నామని వాళ్ళు చెప్పుకున్నారు. కోర్టు ఒప్పుకోలేదు. వాళ్ళ నేరం చంపటం కాదు. చేయగల సహాయం చేయకపోవటం. జర్మనీలో దీనికి ఏడాది దాకా, ఫ్రాన్సులో అయిదేళ్ళ దాకా జైలుశిక్ష కూడా ఉన్నది. అయితే మన ప్రాణానికి ముప్పు తెచ్చుకుని సాయపడమని ఆ చట్టాలు అడగవు.

మరి మన దేశంలో? 1837లో మన శిక్షాస్మృతికి చిత్తుప్రతి తయారుచేసిన మెకాలే ఒక ఉదాహరణ చెప్పాడు. ఏరు పొంగింది. ఆ సంగతి తెలియని బాటసారి రేవులో దిగబోతున్నాడు. గట్టునున్నవాడు తెలిసి కూడా నోరు మెదపలేదు. బాటసారి మునిగిపోయాడు. గట్టునున్నవాడు హెచ్చరించటానికి సర్కారు నియమించిన మనిషైతే, అది హత్యే. డబ్బు తీసుకుని దారి చూపటానికి వచ్చినవాడైనా హత్యే. ఊరికే నిలబడినవాడైతే మటుకు, ఎంత చెడ్డవాడైనా హంతకుడు కాడు. 

ఎందుచేతనంటే, గీత ఎక్కడ గీయాలి? శస్త్రచికిత్స చేయటానికి కలకత్తా నుంచి మీరట్ దాకా రానన్న వైద్యుణ్ణి కూడా హంతకుడనాలా? ఇదీ ఆయన సందేహం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ దారినే ఉన్నది. ప్రమాదం చేసిన వాహనం డ్రైవరు వంటివారికి సాయపడే బాధ్యత ఉన్నది గాని, దారినపోయేవారికి లేదు.

చూస్తూ ఊరుకునేవాళ్ళందరూ కఠినాత్ములేనా? కారు. 1968లో అమెరికాలో లటానే, డార్లీ అనే శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ప్రకటించారు. వేరే గదిలో ఎవరికో మూర్ఛ వచ్చినట్టు విద్యార్థులకు వినిపించారు. తానొక్కడే వింటున్నాననుకున్నవారిలో నూటికి 85 మంది ఆ మూర్ఛ ఆగేలోపే సాయానికి కదిలారు. మరి నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో 31 మందే కదిలారు. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు!

మనవాళ్ళను ఆపినది ఇంకొకటి: పోలీసుల, కోర్టుల భయం. అందుకని మన దేశం శిక్షకు బదులు భయం పోగొట్టే దారి పట్టింది. రోడ్డు ప్రమాదాలలో సాయపడినవారిని వేధించకూడదన్న నియమాలకు 2016లో సుప్రీంకోర్టు బలమిచ్చింది. 2019లో అది మోటారు వాహనాల చట్టంలోకే చేరింది. క్షతగాత్రుణ్ణి ఆస్పత్రికి చేర్చినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టటానికి వీలులేదు.

ఇక శిక్ష మాట. శిక్ష వేస్తామంటే, చూసినవాడు "నేనక్కడ లేనే లేను" అంటాడు. సాక్ష్యానికి కూడా రాడు. ఇది నిజమైన చిక్కే. అయినా ఒక్క కేక, ఒక్క ఫోను—ఇంతమాత్రం కూడా చేయనివాడికి చిన్న జరిమానా వేయటం అన్యాయం కాదని నా అభిప్రాయం. అంతకుమించిన దయను చట్టం పుట్టించలేదు. అది ఇంట్లోనూ బడిలోనూ పుట్టవలసినదే.

మీరేం చేయవచ్చు? ఈత వచ్చినా సరే, మునిగేవాడి కోసం నీళ్ళలోకి దూకకండి. గట్టిగా కేకలు పెట్టండి. గట్టునుంచే తాడో, కర్రో అందించండి. 112కు గాని, 2005లో హైదరాబాదులో మొదలైన 108కి గాని ఫోను చేయించండి. గుంపు ఉంటే, "ఎవరైనా సాయం చెయ్యండి" అనకండి. "ఎర్ర చొక్కా మామయ్యా, మీరు ఫోను చెయ్యండి!" అని ఒకరినే వేలుపెట్టి చూపండి.

ఇదుగో మీ ప్రశ్న: మెకాలే చెప్పిన ఆ గట్టు మీద పదిమంది నిలబడి, ఒక్కడూ నోరు విప్పకపోతే, తప్పు పదో వంతు చొప్పున పంచుకోవాలా? లేక ఒక్కొక్కడిదీ పూర్తి తప్పేనా?