బాపు చుట్టిన తడి తువ్వాల

పోయిన ఎండాకాలం నేను పది లీటర్ల బీరు కిచెన్ సింక్‌లో పారబోశాను. మూత తీయగానే గుప్పుమని నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. అయినా ఆశ చావక ఒక గుక్క తాగి చూశా. గొంతు మండింది. నాలుగు గంటలు నిలబడి కాసిన సరుకు నాలుగు నిమిషాల్లో డ్రైనేజీలో కలిసిపోయింది.

నేనుండేది డల్లాస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో. వీకెండ్ హాబీ, ఇంట్లో బీరు కాయడం. ఇక్కడ అది నేరం కాదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాసుకోవచ్చు, అమ్మకూడదంతే. మన దగ్గర మాత్రం లైసెన్స్ లేకుండా కాస్తే ఎక్సైజ్ వాళ్లు వస్తారు. కాబట్టి హైదరాబాద్ ఫ్రెండ్స్, ఇది చదవండి చాలు, ట్రై చేయకండి.

నేను పారబోసింది గోల్డెన్ సమ్మర్ ఏల్. ఇది ఇంగ్లాండ్ సరుకు. ముదురు రంగు బీర్లు తాగే ఆ దేశంలో కుర్రాళ్లంతా చల్లటి లాగర్ వైపు వెళ్లిపోతుంటే, చిన్న బ్రూవరీలు లేత బంగారు రంగులో, తేలిగ్గా ఉండే ఏల్స్ మొదలెట్టాయి. 1986లో సోమర్సెట్‌లో వచ్చిన ఎక్స్‌మూర్ గోల్డ్ వాటిలో మొదటి వరుసది. ఇక్కడ మనం దానికి అమెరికన్ హాప్స్ వేస్తాం. నిమ్మ, కమలా వాసన వాటి నుంచే వస్తుంది, పండు ఒక్కటి కూడా వెయ్యం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

సరే, బగ్ ఎక్కడ? రెసిపీలో కాదు. ఆ వారం మేం ఊరెళ్తూ కరెంటు బిల్లుకి భయపడి ఏసీ పెంచేసి పోయాం. క్లోజెట్‌లో బకెట్ ఉందని గుర్తే లేదు. ఈ ఏల్ ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ హాయి. గది 27 ఉంటే బకెట్ లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఈస్ట్ పనిచేస్తూ తనే వేడి పుట్టిస్తుంది. వేడిలో అది పరుగులు పెట్టి, ఆల్కహాల్‌తో పాటు ఆ ఘాటు చెత్త కూడా తయారు చేస్తుంది. డెడ్‌లైన్ ముందు రాసిన కోడ్ లాగా అన్నమాట.

ఈ ఏడాది మే నెలలో అమ్మ, బాపు వచ్చారు. వాళ్లు దిగేలోపే పెద్ద గిన్నె, బకెట్, సీసాలు అన్నీ క్లోజెట్‌లో దాచేశా. తాగుతానని తెలుస్తుందని కాదు, అది వాళ్లకి తెలుసు. మాది నల్గొండ జిల్లా. బాపు ఇరవై రెండేళ్లు తాళ్లు గీశాడు. నేను టెన్త్‌లో ఉండగా మోకు జారి పడ్డాడు. నడుం పోయింది, మళ్లీ చెట్టెక్కలేదు. నా ఇంజినీరింగ్ ఫీజు ఎట్లా కట్టాడో ఇప్పటికీ సరిగ్గా చెప్పడు.

దాచినవి పది రోజులు ఆగలేదు. అమ్మకి గిన్నె దొరికింది, బిర్యానీకి పనికొస్తదనుకుంది. బాపుకి మాల్ట్ సంచి దొరికింది. గింజలు నోట్లో వేసుకుని నమిలాడు.

“గిదేందిరా?”

“బార్లీ, బాపూ. మొలకెత్తించి ఆరబెడ్తరు. బీరు చేస్తున్న, ఇంట్లనే.”

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “నువ్వు కుండ ముట్టొద్దనే గదరా నేను గన్నేండ్లు చెట్టెక్కింది.” చెప్పులేసుకుని బయటికి పోయాడు. మధ్యాహ్నం రెండు గంటలు, బయట నలభై డిగ్రీలు. పార్కింగ్ లాట్‌లో కార్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే బాల్కనీలోంచి చూస్తూ నిలబడ్డా. ఏం చెప్పాలో తెలియలేదు. ఇది సరదాకి చేస్తున్నా అని చెప్పడం ఇంకా పెద్ద తప్పులాగా అనిపించింది.

ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు. కానీ శనివారం నేను స్టవ్ మీద గిన్నె పెట్టగానే కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు.

పద్నాలుగు లీటర్ల నీళ్లు వేడిచేసి, రెండు కిలోల పేల్ మాల్ట్, రెండు వందల గ్రాముల గోధుమ మాల్ట్ గుడ్డ సంచిలో వేసి ముంచా. 66 డిగ్రీల దగ్గర గంట. గింజలోని పిండి చక్కెరగా మారేది అప్పుడే. సంచి తీసేసి ఇంకో గంట మరిగించాలి. మొదట్లోనే పది గ్రాముల క్యాస్కేడ్ హాప్స్, అవి చేదుకి. ఆఖరి పది నిమిషాలకు సిట్రా పది గ్రాములు, స్టవ్ ఆపాక ఇంకో ఇరవై. అంత లేటుగా ఎందుకని బాపు అడిగితే అమ్మే జవాబు చెప్పింది, “చారుల కొత్తిమీర దించేటప్పుడే ఏస్తం గద, లేకుంటే వాసన పోతది.” హాప్స్ నూనెల సంగతి నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

అప్పుడు మొదలైంది బాపు కోడ్ రివ్యూ. “బకెట్ మంచిగ కడిగినవా?” కడిగా. శానిటైజర్ కూడా తిప్పా. “మరి గా నురుగేంది?” అది కడగక్కర్లేదు, అట్లాగే వదిలేయాలి అంటే నమ్మలేదు. ఈస్ట్ ప్యాకెట్ చింపితే నవ్వాడు. “మేమేమెయ్యం. లొట్టిల ఉండేదే ఏస్తది.” పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి ఎండెక్కేసరికి పులవడం, పులవకుండా నీరా కోసం లొట్టికి సున్నం పూయడం... చిన్నప్పటి నుంచి చూసినవే, బాపు నోట ఇంత వివరంగా వినడం మొదటిసారి.

మర్నాటి సాయంత్రం బకెట్ మీది థర్మామీటర్ స్టిక్కర్ 25 చూపించింది. ఏసీ తగ్గించినా దిగట్లేదు. చిన్న ఫ్రిజ్, టెంపరేచర్ కంట్రోలర్ కలిపి ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టి ధర చూసి ఆలోచిస్తున్నా. బాపు వచ్చి బకెట్ మీద అరచెయ్యి పెట్టాడు. “కాలుతున్నది” అన్నాడు. టబ్‌లో నీళ్లు పోయించి, బకెట్‌ను అందులో దించి, నా స్నానం తువ్వాల తడిపి చుట్టి, దాని కొస నీళ్లలో ఉండేట్టు వదిలాడు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్. ఎండాకాలం మంచినీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టడమే ఇది! ఇక్కడి హోమ్‌బ్రూవర్లు దీన్నే స్వాంప్ కూలర్ అంటారు, నేను చదివాను కూడా. చదివి వదిలేశా.

పొద్దున లేచేసరికి 19. రాత్రి తువ్వాల ఎవరు తడిపారని అడిగితే, “నాలుగింటికి మెలకువొస్తది గద నాకు” అన్నాడు. చెట్టెక్కడం మానేసి పదమూడేళ్లయినా ఆ టైమ్ మారలేదు.

రెండు వారాలకు గ్రావిటీ 1.046 నుంచి 1.010కి దిగింది. లెక్కేస్తే 4.7 శాతం ఆల్కహాల్. అరవై గ్రాముల చక్కెర కలిపి సీసాల్లో పట్టా, గ్యాస్ దాంతోనే పుడుతుంది. ఇక్కడ చెయ్యి జారితే సీసాలు పేలతాయి, అందుకే గ్రాములు తూచాలి, చెంచాలు కాదు. ఇంకో రెండు వారాలు ఆగి మొదటి సీసా తీశా.

బాపు ముందు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. “బత్తాయి ఎప్పుడేసినవ్?”

వెయ్యలేదన్నా. నేను చూడనప్పుడు వేశావన్నాడు. హాప్స్ ప్యాకెట్ తెచ్చి వాసన చూపించినా ఒప్పుకోలేదు. సగం గ్లాసు తాగి, “పులుపు తక్కువైంది, గని మంచిగున్నది” అని మిగతాది అమ్మ వైపు జరిపాడు. అమ్మ మొహం తిప్పుకుంది.

ఆగస్టులో వెళ్లిపోయారు. ఇప్పుడు క్లోజెట్‌లో ఇంకో బ్యాచ్ నడుస్తోంది. నిన్న రాత్రి వీడియో కాల్‌లో బాపు మొదటి ప్రశ్న, “తువ్వాల తడిగనే ఉన్నదా?” వెళ్లి చూస్తే ఎండిపోయి ఉంది. ఫోన్ పక్కన పెట్టి, తడిపి, చుట్టి వచ్చి మళ్లీ కాల్ చేశా.