ఫ్రీగా పెడితే ఎవరు కొంటారు?

మా టీమ్‌లో ఒకతను రెండేళ్లపాటు శని, ఆదివారాలు కూర్చుని డేటాబేస్‌ల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. పబ్లిషర్ కోసం తిరక్కుండా తనే కిండిల్‌లో పెట్టాడు. లింక్డ్‌ఇన్‌లో పోస్టు వేస్తే ‘కంగ్రాట్స్ బ్రో’లు బోలెడు వచ్చాయి. కొన్నవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం మా టీమే! యాడ్స్‌కి ఓ ఇరవై వేలు పెట్టాలా, లేక రాయడమే మానెయ్యాలా అని ఇప్పుడు అడుగుతున్నాడు.

రెండూ వద్దన్నాను. ముందు లెక్క చూడండి. అమెరికా అమెజాన్‌లో ఈబుక్ ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటే రచయితకి 70 శాతం దాకా వస్తుంది. అది దాటితే 35 శాతమే. అంటే 15 డాలర్లు పెట్టినదాని కన్నా 9.99 పెట్టిన పుస్తకం మీదే ఎక్కువ మిగులుతుంది. లీన్‌పబ్ అయితే 80 శాతం ఇస్తుంది. కానీ అక్కడికి జనాన్ని మనమే తీసుకెళ్లాలి. ఇక యాడ్ అంటారా, కొన్నా కొనకపోయినా క్లిక్‌కి డబ్బు పోతుంది.

రాబర్ట్ నిస్ట్రమ్ అనే ప్రోగ్రామర్ ఏం చేశాడో చూడండి. ‘గేమ్ ప్రోగ్రామింగ్ ప్యాటర్న్స్’ని ఒక్కో చాప్టర్ రాస్తూ వెబ్‌లో పెట్టేశాడు, మొత్తం ఫ్రీ. 2014లో తనే ప్రింట్ వేశాడు. తర్వాత ‘క్రాఫ్టింగ్ ఇంటర్‌ప్రెటర్స్’కీ అదే పద్ధతి, ప్రింట్ 2021లో వచ్చింది. రెండూ ఇవాళ్టికీ వెబ్‌లో ఉచితమే, అయినా జనం కొంటున్నారు.

ఎందుకంటే రాత్రి పదకొండింటికి కోడ్ ఆగిపోయినవాడు పుస్తకం వెతకడు, తన సమస్యని గూగుల్ చేస్తాడు. చాప్టర్ వెబ్ పేజీగా ఉంటే అక్కడ దొరుకుతుంది. మూడుసార్లు అదే సైట్ ఆదుకుంటే రాసినవాడి మీద గురి కుదురుతుంది. అప్పుడు కొంటాడు. అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో నోట్స్ అమ్ముడయ్యేదీ ఇలాగే కదా! ఫలానా సార్ క్లాస్ బావుందంటేనే ఆయన నోట్స్ కోసం వెళ్తాం.

‘రెండేళ్ల కష్టం ఊరికే ఇచ్చెయ్యాలా?’ అన్నాడు మావాడు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అందుకే మొత్తం వద్దు, క్వెరీ ఎందుకు స్లో అవుతుందో చెప్పే ఇండెక్స్‌ల చాప్టర్ ఒక్కటి పెట్టమన్నాను. అందరూ తిప్పలుపడేది అక్కడే. పేజీ కింద ఈమెయిల్ ఇచ్చే పెట్టె ఉండాలి. లైకులకన్నా ఆ మెయిల్ లిస్టే విలువైనది, రెండో పుస్తకం వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో తెలుస్తుంది.

ఒక్క మెలిక ఉంది. ఈబుక్‌ని కేడీపీ సెలెక్ట్‌లో చేర్చి ఉంటే 90 రోజులు ఆ డిజిటల్ కాపీ ఇంకెక్కడా ఉండకూడదు, మీ సొంత సైట్‌లో కూడా. శాంపిల్‌గా పది శాతం వరకే పెట్టుకోవచ్చు. ప్రింట్ పుస్తకానికి ఈ షరతు లేదు. గడువు అయ్యాక దానంతటదే రెన్యూ అవుతుంది కాబట్టి, ముందే ఆ టిక్ తీసెయ్యండి.