వెళ్లిపోయిందంటే, అసలు ఎప్పుడొచ్చింది?

సంక్రాంతికి అరకు వెళ్లాను. అంటే మా ఇంటికే. అరకులోయలో దిగి, అక్కణ్నుంచి జీపులో ఇంకో అరగంట లోపలికెళ్తే మా ఊరు. జనవరిలో మా ఊళ్లో రెండే కనిపిస్తాయి. ఒకటి కళ్లం నిండా ఆరబోసిన కాఫీ గింజలు. రెండోది, ఆ కళ్లం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని గట్టు మీద కూర్చుని ఎదురుచూసే కబడ్డీ పిల్లలు. మా కొండల్లో చదునైన నేల దొరకడం అంత కష్టం మరి.

ఆ పిల్లల్లో మా పిన్ని కొడుకు ఒకడు. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. నేను బ్యాగు దించానో లేదో నా ఫోన్ లాక్కుని, సిగ్నల్ దొరికే రాయి మీదకెక్కి కూర్చున్నాడు. సినిమా చూస్తున్నాడేమో అనుకున్నా. కాదు, హాకీ ఇండియా లీగ్. కాసేపయ్యాక దిగొచ్చి అడిగాడు.

"అన్నయ్యా, పోయినేడు మన వైజాగ్ టీమొకటి ఉండేది కదా, గోనాసిక అని. ఈసారి లేదేటి? వెళిపోయిందా?"

నేను నవ్వేశాను. నవ్వాను గానీ జవాబు మాత్రం వెంటనే రాలేదు. వెళ్లిపోయింది అనాలంటే ముందు వచ్చి ఉండాలి కదా!

సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. 2017 తర్వాత ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. మగవాళ్ల లీగ్‌లో ఎనిమిది జట్లు. అందులో రెండు మనవే అనుకుని మురిసిపోయాం. ఒకటి హైదరాబాద్ తూఫాన్స్. రెండోది వైజాగ్ చిరునామాతో వచ్చిన గోనాసిక. మన్‌ప్రీత్ సింగ్ లాంటి ఒలింపిక్ ఆటగాడు అందులో ఉన్నాడు. పేరు మాత్రం మనది కాదు. గోనాసిక అనేది ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో బైతరణి నది పుట్టే కొండ. పోనీలే, అదీ కొండ పేరే కదా అని సర్దుకున్నాం.

మరి ఆ జట్టు వైజాగ్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడింది? సున్నా. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి, 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. ఆ ఫైనల్ జరిగింది కూడా రూర్కెలాలో. హైదరాబాద్‌లో ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. రెండో సీజన్‌కి వచ్చేసరికి జట్ల జాబితాలో గోనాసిక పేరే లేదు, కొత్తగా రాంచీ రాయల్స్ పేరు కనిపించింది. మ్యాచ్‌లు చెన్నై, రాంచీ, భువనేశ్వర్‌లలో పెట్టారు.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లాగిన్ పేజీ మీద వైజాగ్ బొమ్మ ఉంది, సర్వర్ మాత్రం రూర్కెలాలో ఉంది. ఒకరోజు బొమ్మ తీసేశారు. ఇక్కడ కరెంటు పోలేదు, ఎవరికీ తేడా తెలియలేదు. రాయి మీద కూర్చున్న మావాడికి తప్ప.

మావాడి అసలు భయం హాకీ గురించి కాదని రెండో ప్రశ్నతో తెలిసింది. "అయితే టైటాన్సు కూడా వెళిపోద్దా?"

వాడు కబడ్డీలో రైడర్. వాడికి తెలుగు టైటాన్స్ అంటే ప్రాణం. ఆ ప్రాణం నిలబెట్టుకోవడానికి వాడు పడ్డ బాధ మామూలుది కాదు. ప్రో కబడ్డీ ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు గుర్తున్నాయా? సీజన్‌కి 22 మ్యాచ్‌ల చొప్పున 66 ఆడితే గెలిచింది 5. మూడుసార్లూ పన్నెండో స్థానమే, అంటే అట్టడుగే. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలు పోసి తెచ్చుకున్నా రాత మారలేదు. మన దగ్గర అంత వరసగా ఓడిన జట్టుని ఇంకా 'మనోళ్లు' అనడానికి గుండె ధైర్యం కావాలి.

ఎలాగో కోలుకున్నారు. 2025లో ప్లేఆఫ్స్‌కి చేరి, ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరంలో పుణెరి పల్టన్ చేతిలో ఆగిపోయారు. ఆ సీజన్ ఆగస్టు 29న వైజాగ్‌లోనే మొదలైంది. 2018 డిసెంబరు తర్వాత ప్రో కబడ్డీ వైజాగ్‌కి రావడం అదే. దాదాపు ఏడేళ్లు! మొదటి మ్యాచ్‌లో తమిళ్ తలైవాస్ చేతిలో 38-35తో ఓడిపోయామనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఏడేళ్లూ టైటాన్స్ ఎక్కడున్నట్టు? కోవిడప్పుడు అందరితోపాటు బెంగళూరులో. తర్వాత సొంత ఊరంటే హైదరాబాద్. మళ్లీ 2025లో వైజాగ్. గమనించారా, ఆ జట్టు పేరులో ఊరే లేదు. 'తెలుగు' ఉంది. పేరులో ఊరు లేని జట్టు ఏ ఊరు వదిలివెళ్లినా అడగడానికి ఎవరికీ హక్కు ఉండదు. హైదరాబాద్ వాళ్లు మాదంటారు, వైజాగ్ వాళ్లు మాదంటారు, అరకులో మావాడు నాదంటాడు.

పైగా లీగ్ నడిచే పద్ధతే మారిపోయింది. పదో సీజన్ పన్నెండు ఊళ్లలో తిరిగింది. పదకొండోది మూడు ఊళ్లలో ముగించారు. పన్నెండోది నాలుగు ఊళ్లలో. సర్కస్ డేరాలాగా, ఒకచోట వేస్తే పన్నెండు జట్లూ అక్కడికే వచ్చి ఆడతాయి. కాబట్టి "జట్టు వెళ్లిపోతుందా" అన్న ప్రశ్నకి అర్థమే తగ్గిపోయింది. డేరా మన ఊరికొస్తుందా రాదా, అంతే.

క్రికెట్‌లో ఏమైనా బాగుందా అంటే అదీ లేదు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ మరుసటి ఏడాదే ఉద్యమం రోజుల్లో సొంత మ్యాచ్‌లని నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలలో ఆడాల్సొచ్చింది. 2012లో ఆ జట్టే లేకుండా పోయింది. దాని స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ కూడా 2025 మార్చిలో, ఉచిత టికెట్ల కోసం తమని వేధిస్తున్నారని హైదరాబాద్ క్రికెట్ సంఘం మీద ఆరోపించి, అవసరమైతే ఊరు మారతామంది. సంఘం కాదంది. ఈలోగా ఆంధ్ర క్రికెట్ సంఘం "వైజాగ్ రండి" అని ఆహ్వానం పంపింది. చివరికి రాజీ పడ్డారు.

తమాషా ఏంటంటే ఆ 2024లోనూ 2025లోనూ వైజాగ్ స్టేడియం ఢిల్లీ క్యాపిటల్స్‌కి రెండో ఇల్లు. ఢిల్లీ జట్టుకి వైజాగ్‌లో ఇల్లుంది. వైజాగ్ జట్టుకి వైజాగ్‌లో ఇల్లు లేదు. ఎందుకు? క్రికెట్‌కి వైజాగ్‌లో నిలబెట్టిన స్టేడియం ఉంది కాబట్టి. గుట్టంతా అక్కడే ఉంది.

ఇది మన ఒక్కళ్ల కథ కూడా కాదు. నా ఇంజినీరింగ్ స్నేహితుడు ఒకడు ఎమ్మెస్‌కి అరిజోనా వెళ్లాడు. అక్కడ ఐస్ హాకీ జట్టు అరిజోనా కయోటీస్, సొంత స్టేడియం లేక వీళ్ల యూనివర్సిటీ రింకులో ఆడేది. అయిదు వేలమంది కూడా పట్టని చోటది. కొత్త స్టేడియం కట్టుకుంటామంటే 2023 మేలో టెంపీ ఊరి ఓటర్లు వద్దన్నారు. 2024లో ఆటగాళ్లంతా సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయారు. అభిమానులు ఏడ్చారు, నిజమే. కానీ ఆ జట్టుని పంపేసింది ప్రేమ తక్కువై కాదు, నేల తక్కువై.

ఇప్పుడు రూర్కెలాకి వద్దాం. ఎందుకంటే అసలు పాఠం అక్కడుంది. మనవాళ్ల మ్యాచ్‌లు అక్కడికెందుకు పోయాయి?

రూర్కెలా ఉన్న సుందర్‌గఢ్ జిల్లా కూడా మాలాంటి కొండలు, అడవులు, ఆదివాసీ పల్లెలే. అక్కడి ఊళ్లలో పండక్కీ పబ్బానికీ హాకీ పోటీలు పెడతారు. వాటిని ఖస్సీ టోర్నమెంట్లు అంటారు. ఖస్సీ అంటే మేక. గెలిచిన జట్టు మేకని కొట్టుకుపోయి వండుకు తింటుంది. వెదురు కర్రతో మొదలుపెట్టిన పిల్లలు అక్కడ ఎంతోమంది. ఆ జిల్లాలోని సౌనామరా అనే పల్లె నుంచి వచ్చిన దిలీప్ టిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడాడు. ఇప్పుడు హాకీ ఇండియా అధ్యక్షుడు కూడా ఆయనే.

మాకూ సంక్రాంతికి టోర్నమెంట్లున్నాయి. మేక బదులు పొట్టేలు. మరి తేడా ఎక్కడొచ్చింది?

వాళ్లకి మేక తర్వాత మెట్టు ఉంది. 1985లోనే రూర్కెలాలోని పాన్‌పోష్‌లో స్పోర్ట్స్ హాస్టల్ పెట్టారు. పల్లెలో బాగా ఆడిన పిల్లాడికి తిండి, చదువు, కోచ్ ఒకేచోట దొరికాయి. 2018లో ఒడిశా ప్రభుత్వం జాతీయ హాకీ జట్లకి స్పాన్సర్ అయింది. 2023 జనవరిలో ప్రపంచకప్ కోసం బిర్సా ముండా స్టేడియం తెరిచారు. లీగ్ వచ్చింది ఆ తర్వాత. అంటే ముందు మేక, తర్వాత హాస్టల్, తర్వాత స్టేడియం, ఆఖర్న లీగ్. మనం చివరి మెట్టు మీద పేరు రాసి, కింద మెట్లు కట్టడం మర్చిపోయాం. గాలికి పేరు ఎగిరిపోయింది.

తెలుగువాళ్లకి హాకీ చేతకాక కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన రజని జాతీయ జట్టుకి గోల్‌కీపర్‌గా నిలిచింది. ఒకరిద్దరు తమ కష్టంతో దూసుకొస్తారు. మిగతావాళ్లకి మెట్లు కావాలి.

మెట్టు లేకపోతే ఏమవుతుందో మావాడినే చూడండి. మొన్న నవంబరులో కబడ్డీ ఎంపికలకి వెళ్లాడు. మా ఊరి ఎర్రమట్టిలో వాడిని పట్టుకోవడం ఎవరివల్లా కాదు. అక్కడ మ్యాట్ వేశారు. వాడు పుట్టాక మ్యాట్ మీద కాలు పెట్టడం అదే మొదలు. బూట్లు ఎవరో అప్పిచ్చారు, ఒక సైజు పెద్దవి. మట్టిలో కాలు జారి ఆగుతుంది, మ్యాట్ మీద పట్టేసి ఆగుతుంది. వేగంగా తిరగబోయిన రెండో రైడ్‌లోనే మడమ మెలిపడింది. పేరు పిలవలేదు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదట, కాలు వాచాక పిన్నికి తెలిసింది.

మగవాళ్ల కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మా కాఫీ కళ్లం అంతకంటే పెద్దది. ఇంతకీ వాడికి అడ్డం పడింది ఆ కాస్త మ్యాట్!

కాబట్టి టైటాన్స్ వైజాగ్‌లో ఉంటారా, హైదరాబాద్ పోతారా అని మనం కొట్టుకోవడం ఆపి, ఇంకో ప్రశ్న అడగాలని నాకనిపిస్తుంది. జట్టు ఎక్కడైనా ఆడుకోనీ, మన పేరు వాడుకున్నందుకు మనకేం వదిలిపెట్టి వెళ్తోంది? వైజాగ్‌లో డేరా ఎత్తేసే రోజున ఆ మ్యాట్లలో ఒకటి పాడేరుకో అరకుకో ఎందుకు రాకూడదు? సీజన్ మొదలయ్యే ముందు ఒక ప్రాక్టీసు రోజు మా ఆశ్రమ పాఠశాలల్లో ఎందుకు పెట్టకూడదు? ప్రభుత్వం స్టేడియం, భద్రత, రోడ్లు అన్నీ సర్దిపెడుతుంది కదా. ఆ ఒప్పందం కాగితంలో ఈ రెండు వాక్యాలు చేర్చమనడం మరీ గొంతెమ్మ కోరికేం కాదు. పాన్‌పోష్ లాంటి హాస్టల్ ఒకటి మా కొండల్లో పెట్టమనడం పెద్ద కోరికే. అయినా అడగాలి. అడక్కపోతే అమ్మయినా పెట్టదంటారు.

కనుమ నాడు మా ఊళ్లో ఫైనల్ జరిగింది. కాఫీ గింజలు ఒక మూలకి ఊడ్చి కళ్లంలో సగం ఖాళీ చేశారు. మావాడు మడమకి గుడ్డ చుట్టుకుని దిగాడు. వద్దంటే వినలేదు. పక్క ఊరివాళ్ల మీద మూడు పాయింట్ల తేడాతో గెలిచారు. పొట్టేలుని భుజానేసుకుని ఊరంతా తిప్పారు.

రాత్రి పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు మళ్లీ అడిగాడు. "చెప్పలేదేటి అన్నయ్యా, టైటాన్సు వెళిపోద్దా?"

"తెలీదురా. నీ కాలు సైజెంత?" అన్నాను.

ఏడు అన్నాడు. వైజాగ్ రాగానే ముందు బూట్లు కొన్నాను. మ్యాట్ కొనడం నా ఒక్కడి జీతంతో అయ్యే పని కాదు.