టమాటా ధర, రెపో రేటు

2023 జులైలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. కూరగాయల ధరలు ఏడాదిలో 37 శాతానికి పైగా పెరగడం ఇందుకు ప్రధాన కారణం. మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో 100 రూపాయలు దాటిన రోజులవి. సెప్టెంబరు నాటికి టమాటా ధర పడిపోయింది, ద్రవ్యోల్బణం 5.02 శాతానికి దిగింది. రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ మాత్రం 2023 ఫిబ్రవరిలో 6.5 శాతానికి పెంచిన రెపో రేటును రెండేళ్ళపాటు కదపలేదు.

కమిటీకి నిర్దేశించిన లక్ష్యం 4 శాతం. అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు ఉంది. అప్పటి వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. వడ్డీ రేటును నిర్ణయించే అంకెలో దాదాపు సగం పొలం నుండి వచ్చినదే.

ఆహారాన్ని మినహాయించిన ద్రవ్యోల్బణాన్ని లక్ష్యంగా తీసుకొనే విషయం పరిశీలించాలని 2023-24 ఆర్థిక సర్వే సూచించింది. వడ్డీ పెంచినంత మాత్రాన టమాటా కాయదన్నది నిజమే. అయినా ఆ సూచనతో ఏకీభవించలేను. 2024 అక్టోబరులో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతం. అటువంటి ధరలు నెలల తరబడి నిలిస్తే కూలి రేట్లు, రవాణా ఛార్జీలు కూడా పెరుగుతాయి. సూచీ నుండి తొలగించిన బియ్యం, పప్పు కూలివాని ఇంటి ఖర్చు నుండి తొలగిపోవు.

లోపం లక్ష్యంలో కంటే సమాచారం అందే వేళలో ఉన్నది. ఒక నెల సూచీ మరుసటి నెల 12వ తేదీ ప్రాంతంలో వెలువడుతుంది. ఈ పెరుగుదల తాత్కాలికమా, నిలిచేదా అన్నది కమిటీ ఆ పాత అంకెతోనే ఊహించాలి. టమాటా నాటిన రెండు మూడు నెలలకు కోతకు వస్తుంది. ఎంత నారు అమ్ముడైందో, ఎన్ని ఎకరాలలో నాటారో, ఆకుముడత ఎంత వ్యాపించిందో ముందుగా చెప్పగలవారు విస్తరణ శాస్త్రవేత్తలే. మనం ఆ వివరాలను వార్షిక నివేదికలకు దాచిపెడుతున్నాము.

అంచనా తప్పితే ఆ భారం రైతుపై ఒకే విధంగా పడదు. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ రాయితీ అండగా ఉంటుంది. కొత్త ట్రాక్టరు రుణానికి అంత రక్షణ లేదు. వడ్డీ వ్యాపారి వద్ద నూటికి నెలకు రెండు మూడు రూపాయలు చెల్లించే కౌలు రైతుకు రెపో తగ్గినా ఒరిగేది స్వల్పం. టమాటా ధర కూలితే నష్టపోయేవారిలో మొదటివాడు అతడే.

మదనపల్లె ప్రాంతంతో ఆరంభించవచ్చు. నర్సరీలు ఆ వారం అమ్మిన టమాటా మొక్కల సంఖ్యను ప్రతి శనివారం సేకరించి, సోమవారానికి ప్రకటించడం కృషి విజ్ఞాన కేంద్రానికి అసాధ్యమైన పని కాదు.