రాజ్యసభలో మనోళ్ళెవరు?

2024 ఆగస్టులో అభిషేక్ మను సింఘ్వీ తెలంగాణ నుంచి రాజ్యసభకి ఏకగ్రీవంగా ఎన్నికైనప్పుడు మా ఆఫీసు క్యాంటీన్లో ఒకటే గోల. "ఢిల్లీ లాయరుకీ తెలంగాణకీ ఏం సంబంధం?" అని. అదే ఏడు ఫిబ్రవరిలో ఆయన హిమాచల్‌ప్రదేశ్ నుంచి పోటీ చేశారు. ఓట్లు 34-34 సమానమయ్యాయి, చీటీ వేస్తే ఓడిపోయారు. ఆర్నెల్లు తిరక్కుండా మన దగ్గర తేలారు.

నాకు ఈ గోలలో సగమే నచ్చింది. బయటివాడికి సీటెందుకు అనేది న్యాయమైన ప్రశ్నే, కానీ సొంత జిల్లావాళ్ళు వెళ్ళినా ఒరిగిందేమీ లేదని మా బోధన్ చూస్తే తెలుస్తుంది. అక్కడికే వస్తా, ముందు ఇంకో చీటీ కథ చెప్పాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి రాజ్యసభలో 18 సీట్లు. 2014లో రాష్ట్రం విడిపోయేటప్పుడు ఆంధ్రకి 11, తెలంగాణకి 7 అని పంచారు. మరి అప్పటికే సభలో ఉన్నవాళ్ళలో ఎవరు ఏ రాష్ట్రం? చీటీలు తీశారండీ, నిజంగా. ఫలితం ఏమిటంటే కృష్ణా జిల్లా కేవీపీ రామచంద్రరావు గారు, కడప జిల్లా సీఎం రమేష్ గారు తెలంగాణ సభ్యులయ్యారు. తెలంగాణ కోసమే పుట్టిన పార్టీకి సెక్రటరీ జనరల్‌గా ఉన్న కె.కేశవరావు గారు ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు! 2020 ఏప్రిల్ దాకా కాగితాల మీద ఆయన ఆంధ్రా ఎంపీనే.

ఇందులో నవ్వొచ్చే సంగతి చీటీ కాదు, దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగకపోవడం. ప్రోగ్రాంలో ఒక వేరియబుల్‌కి రాండమ్‌గా ఏ విలువ ఇచ్చినా అవుట్‌పుట్ మారట్లేదంటే ఆ వేరియబుల్‌ని ఎక్కడా వాడట్లేదని అర్థం. ఇక్కడ ఆ వేరియబుల్ పేరు "రాష్ట్రం". సభకి ఇంగ్లీషులో ఉన్న పేరేమో కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్ :-)

దీన్ని చట్టబద్ధం చేసింది 2003 సవరణ. అంతకుముందు ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. అప్పుడూ దొంగదారులు లేకపోలేదు. మన్మోహన్ సింగ్ గారు అస్సాంలో అడ్రసు చూపించి 1991 నుంచి అక్కడి సభ్యుడిగా ఉన్నారు. సవరణతో దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు అన్నారు. పనిలో పనిగా రహస్య ఓటు తీసేసి, ఎమ్మెల్యే తన ఓటు పార్టీ ఏజెంటుకి చూపించి వేయాలన్నారు. కులదీప్ నయ్యర్ సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 2006లో ఓడిపోయారు. ఇక అడ్డేముంది? జైరాం రమేష్, నిర్మలా సీతారామన్, సురేష్ ప్రభు, పరిమళ్ నత్వానీ... వీళ్ళంతా ఒక్కోసారి ఆంధ్రప్రదేశ్ ప్రతినిధులే. నాకు మాత్రం ఆ సవరణలో స్థానికత తీసేయడం కన్నా ఓటు చూపించమనడమే ఎక్కువ నష్టం చేసిందనిపిస్తుంది. (అమ్ముడుపోకుండా ఉండటానికే అన్నారు, నిజమే. కానీ సొంతంగా ఆలోచించే ఎమ్మెల్యేకీ అదే తాళం పడింది.)

ఇప్పుడు బోధన్. నిజాంసాగర్ నీళ్ళు వచ్చాక చెరకు వచ్చింది, చెరకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వచ్చింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకి ఇచ్చి, ప్రభుత్వం 49 దగ్గర ఉంచుకుంది. 2015 డిసెంబరులో లేఆఫ్ అని నోటీసు అంటించారు. బోధన్, మెట్‌పల్లి, మెదక్ మూడు యూనిట్లూ ఆగిపోయాయి. చెరకు కోసిన తర్వాత గంటలు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. పక్కనే ఉన్న ఫ్యాక్టరీకి పంపడం వేరు, లారీలో కామారెడ్డి వైపు పంపడం వేరు. మా వైపు చాలామంది చెరకు వదిలేసి వరికి మళ్ళింది ఇందుకే.

"ఫ్యాక్టరీకీ రాజ్యసభకీ ఏం సంబంధం, అది రాష్ట్ర ప్రభుత్వం సంగతి కదా" అంటారేమో. చెరకు మద్దతు ధర నిర్ణయించేది ఢిల్లీ. ఇంకా పెద్ద సంగతి, దివాలా చట్టం. అది 2016 మే 11న రాజ్యసభలో పాసయింది. ఆ చట్టం కిందే 2017లో మా ఫ్యాక్టరీ కంపెనీ ట్రిబ్యునల్ మెట్లెక్కింది, 2019లో ఆస్తులు అమ్మేయమని లిక్విడేషన్ ఆర్డరు వచ్చింది. చట్టంలో సెక్షన్ 53 అని ఒకటుంది, అమ్మగా వచ్చిన డబ్బు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని చెప్పేది. లిక్విడేషన్ మొదలవడానికి ముందు 24 నెలల కార్మికుల బకాయిలు పైవరసలో ఉంటాయి, అంతకన్నా పాతవి బాగా కిందికి పోతాయి. లేఆఫ్ 2015లో, లిక్విడేషన్ 2019లో. లెక్క మీరే వేసుకోండి.

బిల్లు వచ్చిన రోజుకి మా ఫ్యాక్టరీ మూతపడి అయిదు నెలలు. అలాంటి ఊరి తరపున ఆ 24 నెలల ముక్క మీద లేచి నిలబడాల్సిన సభ అది. ఆ రోజుకి తెలంగాణ పేరు మీద సభలో ఉన్న ఏడుగురిలో ఇద్దరు చీటీలో వచ్చినవాళ్ళు. మిగతా అయిదుగురిలో మా జిల్లావాళ్ళు లేరు. మా పెద్దనాయినని అడిగితే "రాజ్యసభల మనోళ్ళెవరున్నరు బిడ్డా, గది పెద్దోళ్ళది" అన్నాడు. ఆయన ఆ ఫ్యాక్టరీకి ఇరవై ఏళ్ళు చెరకు తోలినవాడు.

సరే, జిల్లావాళ్ళుంటే బాగుపడేదా? ఆ ప్రయోగమూ జరిగింది. 2016 జూన్‌లో నిజామాబాద్ డి.శ్రీనివాస్ గారు టీఆర్ఎస్ తరపున వెళ్ళారు. 2020లో బాల్కొండకి చెందిన మాజీ స్పీకర్ కె.ఆర్.సురేష్ రెడ్డి గారు వెళ్ళారు. అంటే 2020 నుంచి 2022 దాకా తెలంగాణ ఏడు సీట్లలో రెండు మా ఒక్క పాత జిల్లావే! ఫ్యాక్టరీ మాత్రం తెరుచుకోలేదు. వాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. డీఎస్ గారి సంగతే చూడండి. 2018లో జిల్లా పార్టీ నాయకులంతా, అప్పటి ఎంపీ కవిత గారితో సహా, ఆయన మీద చర్య తీసుకోమని కేసీఆర్‌కి ఉత్తరం రాశారు. ఆ తర్వాత నాలుగేళ్ళు సీటులో ఉన్నారు. ఆయన జవాబు చెప్పుకోవాల్సింది ఒక్క అధినేతకి, ఆ అధినేతతో మాటల్లేవు. జనానికి జవాబు చెప్పే దారి ముందునుంచీ లేదు. ఆ పరిస్థితిలో ఎంత పెద్ద నాయకుడైనా ఏం చేయగలడు?

ఇదే నిజామాబాద్‌లో 2019 లోక్‌సభ ఎన్నికలు గుర్తు తెచ్చుకోండి. పసుపు రైతులు 170 మందికి పైగా బరిలోకి దిగారు, మొత్తం 185 మంది పోటీ. ఒక్కో బూత్‌లో పన్నెండు ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. 2025 జనవరిలో పసుపు బోర్డు నిజామాబాద్‌కి వచ్చింది. బోర్డు వల్ల ధర పెరిగిందా అనేది వేరే టపా. కానీ రైతు డిపాజిట్ కట్టి నామినేషన్ వేస్తే ఢిల్లీకి వినపడింది.

చెరకు రైతు రాజ్యసభకి నామినేషన్ వేయాలంటే? పదిమంది ఎమ్మెల్యేల సంతకాలు కావాలి. గెలవాలంటే, రెండు సీట్లున్నప్పుడు 40 మంది ఓట్లు కావాలి. అసలు ఓటింగే జరగదు. తెలంగాణలో 2016, 2020, 2022, 2024 అన్నీ ఏకగ్రీవాలే, 2018లో మాత్రం పోటీ పెట్టారు. అభ్యర్థి పేరు నామినేషన్లు ముగిసే ముందు బయటికొస్తుంది, సంతకాలైపోతాయి, పోటీ లేదని తేలగానే సర్టిఫికెట్ చేతికొస్తుంది. మనం వీటిని ఎన్నికలంటున్నాం, ఇవి అపాయింట్‌మెంట్ ఆర్డర్లు.

కాబట్టి స్థానికత నిబంధన తిరిగి తెస్తే చాలదు. తెస్తే మంచిదే, నేను వద్దనను. కానీ చట్టం మారేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. నామినేషన్ పత్రాన్ని ప్రతిపాదించిన ఎమ్మెల్యేల పేర్లు రహస్యం కాదు, నోటీసులో పెడతారు. ఈసారి ఖాళీ వచ్చినప్పుడు ఆ పేర్లలో బోధన్, బాన్సువాడ, ఆర్మూర్ ఎమ్మెల్యేలు ఉన్నారేమో చూద్దాం. ఉంటే, సంతకం పెట్టేముందు శక్కర్‌నగర్ కార్మికుల బకాయిల గురించి ఆ అభ్యర్థిని ఏం అడిగారో వాళ్ళని అడుగుదాం. అపాయింట్‌మెంట్ కూడా అక్కర్లేదు, మా వైపు ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా పెళ్ళిళ్ళకి తప్పకుండా వస్తారు.