పడకల లెక్క, పరిచారికల లెక్క

ఒక ఊరికి ఆసుపత్రి వచ్చినదనగానే లోకము అడుగు మొదటి ప్రశ్న 'ఎన్ని పడకలు?' అని. శిలాఫలకములమీదను, మంత్రుల ఉపన్యాసములందును, పత్రికల వార్తలందును పడకల సంఖ్యయే కనబడును. ఆ పడకలలోని రోగులను రాత్రి రెండు గంటల వేళ చూచువారెందరు అని అడుగువారు అరుదు. రోగి ప్రాణము మాత్రము ఆ రెండవ ప్రశ్నకు వచ్చు జవాబునే ఆశ్రయించి యున్నది.

ముదినేపల్లి ప్రాంతమునే చూడవచ్చును. కొల్లేటి చుట్టుప్రక్కల వరిచేలలోను, చేపల చెరువుల గట్లమీదను రాత్రులు గడుపు కూలీలకు పాము భయము ఎన్నడును తప్పలేదు. కట్లపాము కాటు పెక్కుమారులు నొప్పియైనను తెలియనీయదు. నేలపై నిద్రించువానిని కరచి పోవును. విషము తలకెక్కుటకు కొన్ని గంటలు పట్టవచ్చును. ముందు కనురెప్పలు వాలును. పిమ్మట మాట ముద్దయగును, మ్రింగుట కష్టమగును. తుదకు ఊపిరి ఆగును. విరుగుడు మందే వికటించి రక్తపోటు పడిపోవుటయు కలదు. డాక్టరు చూచి, మందు వ్రాసి, మరొక వార్డుకు పోవును. ఆ రెప్ప వాలుటను కనిపెట్టవలసినది నర్సు. ఆమె మాటిమాటికి ఆ మంచము కడకు రాగలిగినచో రోగికి గొట్టము వేసి ఊపిరి నిలుపు వ్యవధి చిక్కును. ముప్పది మంది రోగులకు ఆమె ఒక్కతెయే యైనచో, అదే మందు, అదే డాక్టరు ఉన్నను, ఆ వ్యవధి చేజారును.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచార జ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము ఉండవలెననెను. ఈ గుణములు లోపించినవని నర్సులను నిందించుట సులభము. కాని మితిమించిన మంచములు అప్పగించినపుడు మొదట దెబ్బతినునవి ఈ గుణములే. ఒక రోగిని తాకి మరొకరిని తాకులోపల చేతులు కడుగుకొను తీరిక లేనపుడు శుచిత్వమెక్కడిది? మందు పేరు రెండవమారు చదువు తీరిక లేనపుడు దక్షత ఏమగును? రెండేసి గంటలకు ప్రక్కకు త్రిప్పవలసిన పక్షవాత రోగిని త్రిప్పుటకు చేతులు చాలక వీపున పుండ్లు పడినచో, అనురాగముండియు ప్రయోజనమేమి?

ఇది ఊహ కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందము 2002లో ఫలితములు ప్రకటించినది. శస్త్రచికిత్స పొందిన రోగులలో, ఒక్కొక్క నర్సుపై ఒక్కొక్క రోగి భారము పెరిగినకొలది, నెల దినములలోపల మరణావకాశము 7 శాతము చొప్పున హెచ్చినట్లు తేలినది. కాలిఫోర్నియా 1999లోనే దీనికి చట్టము చేసి 2004లో అమలు పెట్టినది. 2005 నుండి అచటి సామాన్య వార్డులలో ఏ షిఫ్టునందైనను ఒక నర్సుకు ఐదుగురు రోగులను మించరాదు.

మన దేశమున భారతీయ నర్సింగు మండలి ప్రమాణము కలదు. బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒకరు, సామాన్యాసుపత్రులలో ఐదుగురికి ఒకరు. సెలవుల నిమిత్తము మరి 30 శాతము అదనము. వినుటకు ఇది ఉదారముగనే యున్నది. కాని దినమునకు షిఫ్టులు మూడు. ముగ్గురికి ఒకరను లెక్క వార్డులో తొమ్మండుగురికి ఒకరగును. ఐదుగురికి ఒకరను లెక్క పదునైదుగురికి ఒకరగును. ఆ అదనపు 30 శాతమును నింపనిచో, ఒకరికి జ్వరము వచ్చినను, ఒకరు ప్రసవమునకు పోయినను ఆ లెక్కయు నిలువదు.

2022లో ముదినేపల్లి కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. 2023లో ఏలూరున ప్రభుత్వ వైద్య కళాశాల వెలసి, జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి యైనది. సంతోషమే. అయితే బోర్డు మారిన దినముననే ప్రమాణమును ఐదునుండి మూడునకు మారినదని అధికారులు గుర్తింపవలెను. లేనిచో పేరు గొప్ప, ఊరు దిబ్బ యగును. 2020 డిసెంబరులో అదే పట్టణమున అంతుచిక్కని వ్యాధి వ్యాపించి, మూర్ఛలు మొదలగు లక్షణములతో కొలది దినములలో 600 మందికి పైగా అస్వస్థులైరి. మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు ఒరిగించి, ఊపిరి గమనించుటకు ప్రతి మంచము కడ మనిషి కావలెను. అట్టి ఆపద చెప్పి రాదు. కనుక అదనపు సిబ్బంది విలాసము కాదు.

రోగికి తోడు ఇంటివారు ఉందురుగదా అని కొందరి వాదము. భార్య చేయి పట్టుకొని కూర్చుండగలదు, గంజి త్రాగింపగలదు. వాలిన రెప్ప నిద్రవలననో, విషమువలననో ఆమెకెట్లు తెలియును? డబ్బు లేదని మరికొందరి వాదము. పుండ్లు పడి, చీము పట్టి, వారములు అదనముగా మంచము పట్టిన రోగికగు వ్యయమును ఆ లెక్కలో చేర్చినవారు కానరారు. ఇక శిక్షితులు దొరకరనుట చెల్లదు. నర్సింగు కళాశాలలు రాష్ట్రమున తక్కువేమియు కావు. వానిలో చదివినవారెందరో పరదేశములకు పోవుచున్నారు. కొరత మనుష్యులది కాదు, ఉద్యోగములది, ఆదరణది.

చేయవలసిన మొదటి పని వ్యయము లేనిది. ప్రతి వార్డు గుమ్మమున ఒక నల్లబల్ల పెట్టి, ఈ షిఫ్టునందు రోగులెందరో, శిక్షణ పొందిన నర్సులెందరో ప్రతిపూట వ్రాయవలెను. ప్రైవేటు నర్సింగుహోములకును ఈ నియమము వర్తింపవలెను. తెల్లదుస్తులు తొడిగిన ప్రతివారును నర్సు కారు. ఆ రెండంకెలు అందరి కంటబడిన నాడు, కైకలూరునుండి, కలిదిండినుండి రోగిని తెచ్చిన రైతు కూడ పడకల సంఖ్య విడిచి, రాత్రి డ్యూటీకి ఎందరని అడుగును. శాసనసభ్యులును అదే అడుగవలెను.